కోయొద్దన్న గట్టు

ముందు వేళ్లు ఏప్రనుకు తుడుచుకునేది. తర్వాత కళ్లజోడు నుదుటి మీదికి తోసేది. అప్పుడు వంగి, రెండు వేళ్లతో పూరెమ్మను తన వైపు వంచుకుని మొగ్గల మధ్య చూసేది. దగ్గరివి ఆమెకు కళ్లజోడు లేకుండానే బాగా కనిపించేవి. చూశాక రెమ్మను ఒక్కసారిగా వదిలేది కాదు. దాని చోటికి దాన్ని మెల్లగా చేర్చి, ఆ తర్వాతే వేళ్లు తీసేది. మళ్లీ తుడుచుకునేది. పక్క రెమ్మ.

మే చివరి నుంచి జూన్ అంతా మొమొసే సాయొ పని ఇదే. మా మడిలోంచి చూస్తే ఆమె గట్టుకు దండం పెడుతున్నట్టు ఉండేది.

మా కమిహోరిలో ఎనిమిది ఇళ్లు. అన్నీ ఒకే కాలువ వెంట ఉంటాయి. కాలువ మొదట్లో సాయొ ఇల్లు. పక్కది నాది. చివరిది ఎయిజోది. సాయొకి డెబ్బై ఒకటి. నాకూ ఎయిజోకీ ఆమె అక్క వరస.

ఆమె గట్ల మీద పెరిగేది కురారా. నడుం ఎత్తు మొక్క. పూలు పాలిపోయిన పసుపు. వేరు ఎంత చేదంటే, నాలుక మీద పెట్టుకుంటే కళ్లు తిరుగుతాయి. పశువులు ముట్టవు. వెనకటి రోజుల్లో దాన్ని ఉడకబెట్టి ఆ నీళ్లు మరుగుదొడ్డిలో పోసేవాళ్లు, పురుగులు చావడానికి. ఇంకే పనికీ రాదు. కానీ మా లోయలో ఒక నీలం సీతాకోకచిలుక ఉంది. బొటనవేలి గోరంత రెక్క. అది కురారా మొగ్గల మీద తప్ప గుడ్డు పెట్టదు. దాని పిల్ల ఆ మొగ్గ తప్ప తినదు. తిని, మట్టిలోకి దిగి గూడు కట్టుకుని చలికాలం గడుపుతుంది.

సాయొ ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాదే వంకర మడులన్నీ చెరిపి తిన్నని పెద్ద మడులు చేశారు. కురారా వేరు లోతుకు పోతుంది, కొత్త గట్లకు చిల్లు పెడుతుంది, దుబ్బులన్నీ తవ్వేయాలి అన్నారు. ఇంటికొకరు వెళ్లారు. మొమొసే ఇంటి నుంచి కొత్త కోడలు వెళ్లింది. ఇరవై రెండేళ్లు, గట్టి చేతులు. పదకొండు రోజులు తవ్వింది. మగవాళ్లకంటే ఎక్కువ తవ్వింది. ఊరు మెచ్చుకుంది. అత్తగారు ఆ సాయంత్రం వేడినీళ్ల తొట్టిలోకి ముందు కోడల్ని దిగమంది. ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు దిగి, కోడలు ఆఖరున దిగాల్సిన నీళ్లు అవి.

"ఆ నీళ్లు ఎంత బాగున్నాయో శిగే," అని ఆమె ఒకసారి నాతో అంది. చిక్కుళ్లు వలుస్తున్నాం. "అంత బాగున్న నీళ్లు మళ్లీ నా ఒంటికి తగల్లేదు."

మరుసటి మే నెలలో, తవ్వకుండా మిగిలిన మట్టిలోంచి నీలం రెక్కలు లేచాయట. గట్లన్నీ తిరిగాయట. ఎక్కడా ఒక్క కురారా లేదు. ఆరేసిన బట్టల మీద వాలాయి. ఆమె ఏప్రను మీద వాలాయి. వారం తిరిగి రాలిపోయాయి. ఆ పై మే నెలలో ఒక్కటీ లేదు.

"నేను తవ్వాను," అంది. "ఊరు తవ్వింది అనుకోవచ్చు. కానీ ఎన్ని తవ్వానో నాకు తెలుసు."

భర్త రోకురో పోయాక, అరవై దాటిన మనిషి, ఏటి ఒడ్డున మిగిలిన ఒకటి రెండు దుబ్బుల నుంచి కాయలు తెచ్చింది. గింజ తొక్క రాయిలా ఉంటుంది. ఒక్కొక్క గింజనూ గరుకు కాగితం మీద రుద్ది, నానబెట్టి, కుండీల్లో పెట్టింది. పూత రావడానికి నాలుగేళ్లు పట్టింది. మూడు గట్ల మీద నాటింది. ఆరో ఏట ఒక ఆడ సీతాకోకచిలుక వచ్చింది, కొండ కింద రక్షిత స్థలం నుంచి గాలికి కొట్టుకొచ్చినట్టుంది. ఏడో ఏట పదకొండు. గుడ్డు కనిపించిన మొక్క పక్కన సాయొ ఒక వెదురు పుల్ల గుచ్చేది. పుల్లకు ఎర్ర గుడ్డ పీలిక.

మా ఊళ్లో గట్టంటే ఇంటి ముఖం. గట్టు మీద గడ్డి పెరిగిందంటే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదు. ఏడాదికి ఐదుసార్లు కోస్తాం. గీసిన గడ్డంలా ఉండాలి. ఎయిజో ఆరుసార్లు కోస్తాడు.

"అక్కా, మీ గట్టు మీద నక్క పిల్లల్ని పెట్టిందటగా?" అని అరిచేవాడు కాలువ అవతల నుంచి.

"పెట్టింది ఎయిజో. మూడు. ఒకదానికి అచ్చం నీ ముక్కే."

"మిషను తెస్తాను, అరగంట పని."

"వద్దు. సీతాకోకచిలుకల కోసం ఉంచాను."

"అలాగా, అలాగా."

తర్వాత మాతో అనేవాడు, "పాపం, చెయ్యి సాగడం లేదు. అడగడానికి సిగ్గు."

మేం అందరం అలాగే అనుకున్నాం. మా దగ్గర మొదటి 'వద్దు' మర్యాద. రెండోది ఇంకాస్త మర్యాద. మూడోదాని తర్వాత టీ పోస్తాం, తాగుతారు. వద్దంటే నిజంగా వద్దని ఎవరికీ తట్టదు. సీతాకోకచిలుక అని ఎంత చక్కటి సాకు దొరికింది అక్కకి, అని మా ఆవిడ మెచ్చుకునేది.

అది సాకు కాదని ఒక్క తొచిహరా మాస్టారికే తెలుసు. ఏటి అవతల పట్నంలో ఉంటారు. బళ్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. శనివారాలు సైకిల్ మీద వచ్చి సాయొతో పాటు గుడ్లు లెక్కపెట్టేవారు. ఆయనే చెప్పారు, గుడ్డును తొలిచే కందిరీగ ఒకటి ఉంటుందట, కంటికి ఆనదు, ఎండుగడ్డిలో చలికాలం గడుపుతుంది. మార్చిలో గట్టు కాలిస్తే అది చస్తుంది, మట్టి లోపలి గూటికి ఏమీ కాదు. సాయొ ఏటా మార్చిలో కాల్చేది. బట్టలకు పొగ వాసన అని రెండిళ్ల వాళ్లు గొణిగేవారు. కొండ కింద మాత్రం పొగ వద్దని కాల్చడం మానేశారు.

ఈ ఏడు జూన్ మొదటి శనివారం మాస్టారు గట్టు మీద చతికిలబడ్డారు. పక్కన నీళ్లు మళ్లిస్తూ నేనూ విన్నాను, ఇద్దరి కాలక్షేపం అనుకున్నాను.

"కొండ కింద ఒక్కటీ లేచిరాలేదు సాయొ గారూ. రెండు వారాలుగా చూస్తున్నాం. కిందటేటి గుడ్లన్నీ ఆ కందిరీగ తొలిచేసింది."

"ఒక్కటీ?"

"ఒక్కటీ. లోయలో ఇక మీ గట్టే."

"ఇక్కడ ఎన్ని, మాస్టారూ?"

"నూట ఇరవై ఆరు గుడ్లు. సగం పగిలి పిల్లలయ్యాయి."

సాయొ వేళ్లు ఏప్రనుకు తుడుచుకుంది.

మంగళవారం ఆమె గట్టు మీంచి జారింది. తన వెదురు పుల్లే కాలికి తగిలింది. ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది, తల కాలువ రాయికి తగిలింది. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చేతికి కడ్డీ వేశారు. తలకు దెబ్బ కాబట్టి తొమ్మిది రోజులు ఉండాలన్నారు.

శుక్రవారం ఎయిజో, నేను చూడ్డానికి వెళ్లాం. నారింజలు పట్టుకెళ్లాం.

"అక్కా, గట్టు సంగతి మాకు వదిలెయ్యండి," అన్నాడు ఎయిజో.

ఆమె ముఖంలో రంగు పోయింది.

"వద్దు ఎయిజో."

"ఎంత పని? ఆదివారం ఎలాగూ అందరం మిషన్లు తీస్తాం."

"వద్దు. అలాగే ఉంచండి. ఈ నెల మటుకు ముట్టుకోకండి."

"మాకేం కష్టం కాదు అక్కా."

అప్పుడు ఆమె మంచం మీద లేచి కూర్చుంది. సూది ఉన్న చేత్తోనే దుప్పటి తీసింది. మోకాళ్ల మీద కూర్చుని నుదురు పరుపుకు ఆనించింది.

"మీ కాళ్లు పట్టుకుంటాను. కోయొద్దు."

మేమూ వంగి నమస్కరించాం. నర్సు వచ్చి ఆమెను పడుకోబెట్టింది. లిఫ్టులో ఎయిజో కళ్లు తుడుచుకున్నాడు.

"చూశావా శిగే? ఆ స్థితిలో కూడా మనకి శ్రమ ఇవ్వకూడదని. అలాంటి మనుషులు ఇక పుట్టరు."

నేను అవునన్నాను.

ఆదివారం ఏడిళ్ల నుంచీ ఏడుగురం వెళ్లాం. నలభై నిమిషాలు పట్టింది. మూడు గట్లూ నేలకంటా కోశాం. మామూలుగా కోసిన గడ్డి అక్కడే వదిలేస్తాం. అక్క ఇంటికొచ్చి చూసుకుంటుంది కదా అని దంతెతో దువ్వి, ట్రక్కులో ఎత్తి, ఎయిజో పెంటకుప్ప మీద పోశాం. వెదురు పుల్లలు పారేయలేదు. నేనే పీకి, మట్టి తుడిచి, గడ్డితాడుతో కట్ట కట్టి ఆమె చూరు కింద పెట్టాను. ఒక రెమ్మ మీద చీమలు మూగి ఉన్నాయి. చీమ పట్టిన మొక్క అనుకున్నాను. సీతాకోకచిలుక పిల్లపురుగు దగ్గరికే చీమలు వస్తాయనీ, దాని ఒంటి తీపి నాకి దానికి కాపలా కాస్తాయనీ నాకు తర్వాత తెలిసింది.

ఎయిజో భార్య తొమొయె అన్నం ముద్దలు తెచ్చింది. గట్టు అంచున కూర్చుని తిన్నాం. ఎదురు కొండ మీద మంచు ఇంకా ఉంది. ఆ రోజు మేం నిజంగా సంతోషంగా ఉన్నాం.

గురువారం ఆమెను ట్రక్కులో తీసుకొచ్చాను. దారిలో ఒక దుకాణం దగ్గర ఆపమంది. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన ఏడిళ్లకూ బదులు ఇవ్వాలి కదా. ఏడు పెట్టెలు, తీపి చిక్కుడు బిళ్లలు. పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గడ్డం కింద దాకా వచ్చాయి.

"ఎండ బాగా కాసిందా శిగే, ఈ వారం?"

"కాసింది."

"అయితే గుడ్లు చాలావరకు పిల్లలై ఉంటాయి."

నేను మాట మార్చాను. చూసి ఆశ్చర్యపోవాలని.

కాలువ మలుపు తిరిగాక గట్లు కనిపించాయి. ఆమె పెట్టెల మీంచి చూసింది. ట్రక్కు ఆపాను. దిగలేదు. తలుపు నేనే తీశాను. పెట్టెలు అందుకున్నాను. అప్పుడు దిగింది.

 గట్టు పచ్చగా, నున్నగా, అంచు తాడు పెట్టి గీసినట్టు ఉంది.

"ఎంత నున్నగా కోశారు," అంది. "ఏడుగురూ వచ్చారా?"

"ఏడుగురూ."

"ఎండలో. ఎంత శ్రమ పడ్డారు."

నాకు వంగి నమస్కరించింది. తల ఎత్తడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయింది. భుజాలు చూశాక నాకు అనుమానం వచ్చింది. 

"అక్కా?"

"గడ్డి ఎక్కడ పోశారు శిగే?"

ఎయిజో పెంటకుప్ప కాలువ చివర, ఇంటికి దూరంగా, రోడ్డు వారనే. ఆమె చెప్పులతోనే కుప్ప ఎక్కింది. గడ్డి పైన ఎండి ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా లోపలికి దోపి, వెంటనే వెనక్కి లాక్కుంది. లోపల ఉడుకుతోంది. నాలుగు రోజుల పచ్చిగడ్డి. ఆవిరి లేచింది. మళ్లీ దోపింది. కురారా రెమ్మ ఒకటి బయటికొచ్చింది, నల్లగా, ఉడికిన ఆకుకూరలా. మొగ్గలు వేళ్ల మధ్య జారిపోయాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి లాగింది.

నేనూ ఎక్కి వెతికాను. ఏం వెతకాలో చూపించింది. బియ్యపు గింజలో సగం, మొగ్గ రంగే. నాకు దొరికినవన్నీ ఎండిన చుక్కలు. మొదట్లో లెక్కపెట్టాను. తర్వాత మానేశాను.

"ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోయారా అక్కా?" అన్నాను. అనకూడని మాట. నా తప్పు ఆమె నెత్తిన వేసే మాట.

"చెప్పాను," అంది. ఇంకో రెమ్మ లాగింది. "తిట్టడానికి నోరు రావడం లేదు శిగే. నేనూ ఇలాగే మెప్పు పొందాను. నన్ను ముందు నీళ్లలోకి దిగమన్నారు."

కుప్ప ఉత్తరం వైపు, నీడలో, కొన్ని రెమ్మలు జారి కుప్ప అడుగున తడి నేల మీద పడి ఉన్నాయి. అవి ఉడకలేదు. వాడిపోయాయి, అంతే. అక్కడ నాలుగు దొరికాయి. కదిలాయి. సాయొ గడ్డిపోచ కొసతో ఒక్కొక్కదాన్నీ ఎత్తి, తన కళ్లజోడు పెట్టెలో వాడిన మొగ్గల మీద పెట్టింది. ఐదోది దొరుకుతుందని చీకటి పడే దాకా మోకాళ్ల మీద వెతికింది. దొరకలేదు.

"వీటికి బతికున్న మొగ్గ కావాలి," అంది. "రేపు మధ్యాహ్నం దాటితే ఆగవు."

ఏటి ఒడ్డు దుబ్బులు కిందటేడు వరదకు పోయాయి. కొండ కింద పూత అయిపోయింది, అక్కడ ఎండ ముందు పడుతుంది. నాకు ఒక్కటి గుర్తొచ్చింది. ఎయిజో ఇంటి వెనక, ఎవరూ వాడని పాత మరుగుదొడ్డి గోడ పక్కన, వాళ్ల తాత నాటిన దుబ్బు ఒకటి ఉంది. నీడ చోటు. పూత ఆలస్యం.

"ఇప్పుడే వెళ్దాం అక్కా."

ఆమె పెంట అంటిన చేతులు చూసుకుంది.

"కోసిపెట్టినవాళ్ల పెరట్లోకి, కృతజ్ఞత చెప్పకుండా, ఈ వేళప్పుడు ఈ చేతులతోనా? పొద్దున పెట్టెలు ఇస్తాను. అప్పుడు అడుగుతాను."

"మాస్టారికి ఫోన్ చెయ్యనా?"

ఆమె కళ్లజోడు పెట్టె పట్టుకుని ఇంటి వైపు నడిచింది.

మర్నాడు పొద్దున ఆరింటికి సాయొ తలుపు తట్టింది. తల దువ్వుకుంది. మంచి కోటు వేసుకుంది, ఎడమ చెయ్యి మెడకు వేలాడుతోంది. కళ్లజోడు పెట్టె రొమ్ము జేబులో ఉంది. నా పెట్టె నాకిచ్చి వంగింది. మిగతా ఆరూ నేను మోశాను. నేరుగా ఎయిజో ఇంటికి వెళ్దామన్నాను. మధ్య ఐదిళ్లు దాటి చివరి ఇంటికి ముందు వెళ్తే ఆ ఐదిళ్లకూ అవమానం. వరసలోనే వెళ్దామంది.

నాది మొదటిదిగా లెక్కేస్తే రెండో ఇల్లు. "అయ్యో, ఇదంతా ఎందుకు?" "మీరు ఎంతో శ్రమ పడ్డారు." "గట్టు ఎలా ఉంది?" "చాలా శుభ్రంగా ఉంది." "టీ తాగి వెళ్లండి." "వద్దండీ." "రెండు నిమిషాలు." టీ వచ్చింది, ఊరవేసిన ఆకుకూర వచ్చింది. మూడో ఇంట్లో చెయ్యి ఎలా విరిగిందో మొదటి నుంచి చెప్పించుకున్నారు. ఆమె చెప్పింది. మధ్యలో కుడిచేత్తో జేబు తడుముకుంది. రెండు ఇళ్ల మధ్య దారిలో ఆగి కళ్లజోడు పెట్టె తెరిచి చూసింది. ఒకటి కదలడం లేదు. గడ్డిపోచతో తాకింది. మూసింది.

నాలుగో ఇంటి గడపలో వంగి ఉండగా మిషను చప్పుడు వినిపించింది. కాలువ చివరి నుంచి.

"ఎయిజో," అని నవ్వింది ఆ ఇంటావిడ. "మీరు ఇల్లిల్లూ వస్తున్నారని ఫోన్ చేశాను. అక్క వస్తోంది, నా పెరడు సిగ్గుచేటుగా ఉంది అని కోత మొదలెట్టాడు."

సాయొ తల ఎత్తింది. వంగిన నమస్కారం పూర్తి కాలేదు. చేతిలో పెట్టె గడప మీద పడింది. ఆమె పరుగెత్తింది.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి మా దారిలో పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఒక చెప్పు కాలువలో పడింది. ఐదో ఇంటివాళ్లు గుమ్మంలో నిలబడి నమస్కరించబోయారు, ఆమె వాళ్లను దాటిపోయింది. ఆరో ఇంటినీ దాటిపోయింది. నేను మూడు పెట్టెలతో వెనక.

ఎయిజో పెరడు సగం కోశాడు. మరుగుదొడ్డి గోడ వైపు తిరుగుతున్నాడు. దుబ్బు ఉంది, నిండా మొగ్గలు.

"వద్దు!"

అతను వెనక్కి చూసి నవ్వాడు. చెవులకు మిషను మోత. "ఒక్క నిమిషం అక్కా! మీరు లోపల కూర్చోండి!"

ఆమె అతనికీ మొక్కకీ మధ్య మోకాళ్ల మీద పడింది. మంచి చేత్తో కాడలన్నిటినీ గుండెకు పొదువుకుంది. తిరిగే బ్లేడు ఆమె కట్టుకట్టిన చేతికి జానెడు దూరంలో ఆగింది. ఎయిజో మిషను ఆపేశాడు. అతని పెదవులు తెల్లబడ్డాయి.

"అక్కా, చచ్చేవారు. ఏమిటిది? అది చేదు మొక్క, ఎందుకూ పనికిరాదు."

"వద్దు," అందామె.

ఎయిజో నోరు తెరిచాడు. మాకేం కష్టం కాదు అనబోయాడని నాకు తెలుసు. ఆమె ముఖం చూశాడు. నోరు మూసుకున్నాడు. మిషను మెల్లగా నేల మీద పెట్టాడు. ఆదివారం, ఆసుపత్రి, పరుపుకు ఆనించిన నుదురు, అన్నీ ఒకటొకటిగా అతని కళ్లలోకి వచ్చాయి. అక్కడే, కోసిన గడ్డి మీద, కూలబడ్డాడు.

సాయొ వేళ్లు తుడుచుకోవడానికి ఏప్రను వెతుక్కుంది. ఏప్రను లేదు. మంచి కోటుకే తుడుచుకుంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసింది. జేబులోని పెట్టె తెరిచి ఒక్కొక్క పురుగునూ గడ్డిపోచతో మొగ్గ మీదికి ఎక్కించింది. మూడు ఎక్కాయి. నాలుగోదాన్ని కూడా ఎక్కించి చూసింది. అది పట్టుకోలేదు, రాలింది. నేల మీంచి తీసి మళ్లీ ఎక్కించింది.

తర్వాత అక్కడున్న బకెట్ బోర్లించి మొక్క ముందు కూర్చుంది.

తొమొయె టీ తెచ్చింది. సాయొ వద్దంది. తొమొయె భర్త వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఆమె రెండోసారి అడగలేదు. కప్పు అలాగే లోపలికి తీసుకెళ్లింది.

సాయొ కదల్లేదు. మూడు పెట్టెలూ నా చేతుల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా, పురుగులు ఎక్కిన ఆ ఒక్క పూరెమ్మనే వంచుకుని చూస్తూ ఉంది.